రాత్రి ఎవర్నీ లేపకుండా ఒక్కతే బాత్రూంకి పోతున్న అత్తమ్మ: తుంటి ఆపరేషన్ తర్వాత మళ్ళీ పడకుండా ఎట్లా చూసుకోవాలి?

హన్మకొండ_కోడలు:

అందరికీ నమస్తే. మా అత్తమ్మకు 74 ఏళ్ళు. పరకాల దగ్గర మా ఊళ్ళోనే ఉండేది. వానలకు పాకురు పట్టిన వాకిట్లో జారిపడి ఎడమ తుంటి విరిగింది. వరంగల్‌లో ఆపరేషన్ చేసి బాల్ మార్చారు, బైపోలార్ అంటారట. ఇప్పుడు మూడో వారం నడుస్తోంది. కుట్లు విప్పేశారు. కాలు మీద బరువు మోపవచ్చని డాక్టర్ గారు చెప్పారు. పగలు వాకర్ పట్టుకుని బాగానే నడుస్తోంది. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, మాత్రలు వాడుతుంది.

నా టెన్షన్ అంతా రాత్రి గురించే. హాల్లో దివాన్ మీద పడుకుంటుంది. రాత్రి రెండు మూడుసార్లు ఒంటికి పోవడానికి లేస్తుంది. నేనూ మా ఆయనా పొద్దున్నే డ్యూటీకి పోవాలని మమ్మల్ని లేపదు. పొద్దున చూస్తే వాకర్ దివాన్ పక్కనే ఉంటుంది, బాత్రూం నేల మాత్రం తడిగా ఉంటుంది. అంటే చీకట్లో గోడలు పట్టుకుని పోయొస్తోంది. అదేంటత్తమ్మా అంటే, "వాకర్ టకటక మోగుతది బిడ్డా, పిల్లగాడు లేస్తడు, వానికి పరీక్షలున్నయి" అంటుంది. ఆ మాటకు ఏం చెప్పాలో తోచలేదు, ఏడుపొచ్చింది.

బాత్రూం హాలు దాటాక మా బెడ్రూం పక్కన ఉంది. ముందు ఒక గడప, లోపలి నేల దానికంటే కొంచెం దిగువ. వెస్టర్న్ కమోడే కానీ ఎత్తు తక్కువ.

మా ఆయన రెండు మాటలు అంటున్నారు. రాత్రి నిద్రమాత్ర వేస్తే పొద్దుటిదాకా లేవదు కదా అని ఒకటి. రెండు నెలలు డైపర్ వేసి మంచం మీదే ఉంచితే అసలు పడే బాధే ఉండదు కదా అని ఇంకొకటి. తల్లి మళ్ళీ పడితే ఎట్లా అన్న భయంతోనే అంటున్నారు. నాకు రెండూ సరిగా అనిపించడం లేదు, కానీ ఎందుకు కాదో చెప్పలేకపోతున్నా. అత్తమ్మకేమో బతుకమ్మకు ఊరికి పోవాలని ఉంది. ఇంట్లో ఇట్లాంటి పెద్దవాళ్ళను చూసుకున్నవాళ్ళు, ఈ పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఫిజియో_కాజీపేట:

చెల్లీ, నేను కాజీపేట, హన్మకొండ వైపు ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేయిస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో తుంటి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళే ఎక్కువ. మీ అత్తమ్మ అన్న మాట దగ్గర్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఆమె కారణం చిన్నది కాదు, దాన్ని మనం తీర్చగలం.

వాకర్ టకటక మోగుతోందంటే కాళ్ళ కింది రబ్బరు బుష్‌లు అరిగిపోయి ఉంటాయి. ఇప్పుడే తలకిందులు చేసి చూడండి. రబ్బరు అడుగున గీతలు పోయి నున్నగా మెరుస్తున్నా, మధ్యలోంచి పైపు అంచు కనబడుతున్నా అది టైల్స్ మీద జారుతుంది కూడా. చుట్టాల ఇంటినుంచి అడిగి తెచ్చుకున్న వాకర్లలో ఇది చాలాసార్లు చూస్తాను. బుష్‌లు సర్జికల్ షాపుల్లో విడిగా దొరుకుతాయి. పాతది ఒకటి పీకి పట్టుకెళ్ళి అదే సైజు అడగండి, నాలుగూ ఒకేసారి మార్చండి. కొత్త రబ్బరు ఉంటే చప్పుడు బాగా తగ్గుతుంది. అది ఆమెకు వినిపించేలా నడిచి చూపించండి. పిల్లాడు లేవడని నమ్మకం కుదిరితే వాకర్ వదిలేసి పోదు.

వాకర్ ఎత్తు కూడా చూడండి. ఆమె నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు ముడత దగ్గరికి పిడి రావాలి. అంతకంటే ఎత్తుంటే భుజాలు ఎగేసుకుని నడుస్తుంది, తక్కువుంటే ముందుకు వంగి నడుస్తుంది. నడిచే వరస: ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ అయిన కాలు, తర్వాత బాగున్న కాలు. తిరిగేటప్పుడు ఆపరేషన్ కాలు మీద నిలబడి గిర్రున తిరగొద్దు, చిన్నచిన్న అడుగులు వేస్తూ తిరగాలి. పడేవాళ్ళు నేరుగా నడిచేటప్పుడు కన్నా తిరిగేటప్పుడు, కూర్చోబోయేటప్పుడు ఎక్కువ పడతారు. కుర్చీ ఇంకా అడుగు దూరంలో ఉండగానే వాకర్ వదిలి చెయ్యి చాపుతారు. రెండు కాళ్ళ వెనకభాగం కుర్చీకి తగిలేదాకా వెనక్కి జరిగి, అప్పుడు చేతులు కుర్చీ చేతుల మీదికి మార్చి, ఆపరేషన్ కాలు కొంచెం ముందుకు జరిపి కూర్చోవాలి. లేచేటప్పుడు కుర్చీ చేతుల మీద నొక్కి లేవాలి. వాకర్ పట్టుకుని లాక్కుని లేస్తే అది మీదికి తిరగబడుతుంది.

ఇక దివాన్ సంగతి. కూర్చుంటే మోకాళ్ళు తుంటి కంటే పైకి వస్తున్నాయా? వస్తే అది తక్కువ ఎత్తు. అట్లాంటి చోటునుంచి లేవాలంటే బాగా ముందుకు వంగాలి. బాల్ మార్చిన తుంటిని 90 డిగ్రీలు దాటి వంచితే బాల్ గూట్లోంచి జారే ప్రమాదం ఉంది. అందుకే కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుకు కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం మీ సర్జన్ సరే అనేదాకా వద్దు. గట్టి పరుపు ఇంకొకటి వేసి దివాన్ ఎత్తు పెంచండి. ఇటుకలు మాత్రం పెట్టకండి, మనిషి అంచున కూర్చుంటే కదులుతాయి. నవారు మంచం, ప్లాస్టిక్ కుర్చీ కూడా వద్దు. ఒకటి కుంగుతుంది, ఇంకొకటి నున్నటి టైల్స్ మీద కాళ్ళు విచ్చుకుంటుంది.

రాత్రికి నేనిచ్చే మొదటి సలహా, చక్రాలు లేని కమోడ్ కుర్చీ (సీటు కింద గిన్నె ఉండేది) తెచ్చి మంచం పక్కనే, బాగున్న కాలు వైపు పెట్టండి. అద్దెకు కూడా ఇస్తారు. అసలు హాలంతా దాటి, గడప ఎక్కి, దిగువ నేలలోకి దిగే ప్రయాణమే ఉండదు. చాలామంది పెద్దవాళ్ళు హాల్లో అట్లా కూర్చోవడానికి ఒప్పుకోరు, అది వాళ్ళ మర్యాదకు సంబంధించిన విషయం. బలవంతం చేయకండి. ఓ పరదా కట్టండి, లేదా కొన్ని వారాలు మీ బెడ్రూం ఆమెకిచ్చి మీరు హాల్లో పడుకోండి. బాత్రూం పక్కనే అవుతుంది కదా.

వైర్‌లెస్ కాలింగ్ బెల్ ఒకటి కొని, గంట మీ తల దగ్గర, బటన్ ఆమె దిండుకు కట్టండి. "లేపు" అంటే లేపదు, నాకు తెలుసు. అందుకే మీరే ఒకసారి అలారం పెట్టుకుని ఆమె మామూలుగా లేచే వేళకు కాస్త ముందు లేచి తీసుకెళ్ళండి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, నడిరాత్రి ఒకసారి. ఆ రెండు వేళలూ కుదిరితే ఒక్కతే పోయే సందర్భాలు చాలావరకు తగ్గుతాయి.

లేచిన వెంటనే నడవొద్దు. మంచం అంచున కూర్చుని, మడమలు పైకి కిందికి ఆడించి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, అద్దాలు పెట్టుకుని, అప్పుడు నిలబడాలి. నిలబడ్డాక కూడా వాకర్ పట్టుకుని కొంచెం ఆగాలి.

డైపర్ వేసి మంచం మీద ఉంచడం గురించి. బావగారికి ఈ మాట చెప్పండి: ఆపరేషన్ మరుసటి రోజే డాక్టర్లు నిలబెట్టి నడిపించేది ఊరికే కాదు. ఈ వయసులో పడుకుని ఉంటే కాలి కండ చాలా తొందరగా కరిగిపోతుంది. పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుంది. మంచం మీద ఉన్నన్నాళ్ళూ పడదు, నిజమే. కానీ రెండు నెలల తర్వాత లేచి నిలబడే రోజు ఆ కాళ్ళలో పట్టే ఉండదు. పడే భయానికి మందు కాళ్ళ బలమే. ఇళ్ళలో ఉండే పెద్దవాళ్ళ మీద జరిగిన వందకు పైగా పరిశోధనలను కోక్రేన్ సంస్థ 2019లో ఒకచోట చేర్చి చూస్తే, వ్యాయామం చేసేవాళ్ళలో పడటం దాదాపు 23 శాతం తగ్గింది. అందులో బాగా పనిచేసినవి నిలకడ నేర్పే వ్యాయామాలు.

మీ అత్తమ్మకు ఇప్పుడు సరిపోయేవి ఇవి. వంటింటి గట్టు రెండు చేతులా పట్టుకుని మడమలు లేపి దించడం. అట్లాగే నిలబడి ఆపరేషన్ కాలిని పక్కకు చాపి తెచ్చుకోవడం, నడుము వంగకుండా. చేతులున్న ఎత్తు కుర్చీలోంచి లేచి కూర్చోవడం. దీన్ని మించింది లేదు, ఎందుకంటే కమోడ్ మీదినుంచి లేవడం కూడా అదే పని. వెనకాల కుర్చీ ఒకటి, పక్కన మనిషి ఒకరు ఉండాలి. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం. అలసిపోయాక చేయించకండి. మీకు ఆపరేషన్ చేసిన డాక్టర్ వేరేగా చెబితే ఆయన మాటే వినండి.

నర్సంపేట_పత్తిరైతు:

అక్కా, మా బాపుకు నిరుడు తుంటికి రాడ్ వేశారు. బాత్రూం గురించి నేను చెప్తా.

కమోడ్ పక్క గోడకు పట్టుకునే రాడ్ పెట్టించండి. టవల్ ఆరేసే రాడ్ ఉందిలే అనుకోవద్దు. మా బాపు దాన్నే పట్టుకుని లేవబోతే స్క్రూలతో సహా ఊడి చేతికొచ్చింది. మళ్ళీ కమోడ్ మీదే కూలబడ్డడు కాబట్టి సరిపోయింది. అవి బట్టల బరువుకు పెట్టినవి, మనిషి బరువుకు కాదు. మేస్త్రీని పిలిపించి టైల్ దాటి ఇటుక లోపలిదాకా డ్రిల్ వేయించి, ఫాస్టెనర్‌లతో స్టీల్ రాడ్ బిగించిన. బిగించినంక మేస్త్రీ, నేను ఇద్దరం వేలాడి చూసినం. గడప దగ్గర లోపలివైపు నిలువుగా ఇంకొకటి పెట్టిస్తే దిగేటప్పుడు పట్టుకోవచ్చు. కిరాయి ఇల్లయితే ఓనర్‌ను అడగండి, మా చెల్లె వాళ్ళ ఓనర్ తన ఖర్చుతోనే పెట్టించిండు, వాళ్ళింట్లో కూడా ముసలమ్మ ఉంది.

కమోడ్ మీద పెట్టే ఎత్తు సీటు దొరుకుతది, బిగించుకునేది తీసుకోండి. ఊరికే పైన పెట్టేది జరుగుతది. బాత్రూం గొళ్ళెం లోపల వేసుకోనీయకండి. బకెట్, స్టూలు, సబ్బునీళ్ళు దారిలో ఉండొద్దు. స్నానం కుర్చీలో కూర్చునే చేయాలి, చెంబు కింద పెట్టి వంగి ముంచుకునేటట్టు కాకుండా బకెట్‌ను పీట మీద పెట్టండి.

ఇంకో ముచ్చట ఎవరూ చెప్పరు. మా అమ్మ రోజూ బాపు కాళ్ళకు నూనె రాసి రుద్దేది. రాసినంక అవే పాదాలతో టైల్స్ మీద నడిచేటోడు. అరికాళ్ళకు నూనె వద్దని, మోకాలి దగ్గరే ఆపమని, రాసినంక వేడినీళ్ళ బట్టతో తుడవమని ఫిజియో చెప్పిండు. హవాయి చెప్పులు కూడా తీసేయించిండు. ఇంట్లో వేసుకోవడానికి మడమ వెనక పట్టీ ఉన్న, అడుగు గట్టిగా పట్టే చెప్పులు విడిగా కొన్నం. ఇంట్లో చెప్పులేందని అమ్మ చాన్నాళ్ళు గునిసింది, కొత్తవి, బయట తొక్కనివి అంటే ఒప్పుకుంది.

పాత చీరలతో అల్లిన కాలిపట్టాలు గడపల దగ్గర ఉంటే అన్నీ తీసేయండి. ఆ పట్టా జారుతది, వాకర్ కాలు దాంట్ల చిక్కుకుంటది. ఫోన్ ఛార్జర్ వైర్లు కూడా. అత్తమ్మ చీర కుచ్చిళ్ళు పాదాల మీద పడుతున్నాయా చూడండి, మా బాపుకు ధోతి మాన్పించి లుంగీ కట్టించినం, అది కూడా చీలమండ పైకి. మా ఇంట్లో మేకపిల్ల ఒకటి కాళ్ళలో తిరుగుతుండేది, దాన్ని దొడ్లో కట్టేసినం.

రిటైర్డ్_సిస్టర్_వరంగల్:

అమ్మా, నేను సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇల్లు, నడక గురించి పై ఇద్దరూ బాగా చెప్పారు. నేను మందుల గురించి చెబుతాను, మీ ఆయన అడిగిన నిద్రమాత్ర దగ్గర్నుంచి.

దయచేసి వేయకండి. నిద్రమాత్ర వేసినా మూత్రం నిండితే మెలకువ వస్తుంది. తేడా ఏంటంటే, మత్తులోనే లేస్తుంది. ఆల్ప్రజోలం లాంటివి పెద్దవాళ్ళలో తూలు తెస్తాయి, తికమక తెస్తాయి, దాని ప్రభావం మర్నాడు పొద్దుటిదాకా కూడా ఉంటుంది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే జలుబు, దురద మాత్రల్లో కొన్నింటికి కూడా ఇదే గుణం. ఇప్పటికే ఆమె ఏదైనా నిద్రమాత్ర చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా మాన్పించకండి, డాక్టర్‌కు చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.

రాత్రి అన్నిసార్లు ఎందుకు లేస్తోందో కూడా చూడాలి. షుగర్ ఎక్కువుంటే మూత్రం ఎక్కువ వస్తుంది. ఆస్పత్రిలో పైపు వేసి ఉంటారు కాబట్టి ఇన్ఫెక్షన్ కూడా ఉండొచ్చు. మంట, వాసన, జ్వరం, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం ఉంటే మూత్రం పరీక్ష చేయించండి. బీపీ మాత్రల్లో మూత్రం తెప్పించేది ఉంటే అది పొద్దున వేసుకోవచ్చా అని అడగండి. నీళ్ళు మాత్రం తగ్గించకండి. పగలంతా బాగా తాగించి, రాత్రి అన్నం తిన్నాక తగ్గించండి. ఒంటికి వస్తుందని భయపడి నీళ్ళు మానేసే పెద్దవాళ్ళను చాలామందిని చూశాను, వాళ్ళే కళ్ళు తిరిగి పడతారు.

బీపీ రెండు రకాలుగా చూడండి. పడుకుని ఐదు నిమిషాలయ్యాక ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల్లోపు మరోసారి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువగానీ పడిపోతే ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి, మాత్ర డోసు మార్చవలసి రావచ్చు. ఆపరేషన్‌లో రక్తం పోయి ఉంటుంది, తిండి తగ్గి ఉంటుంది, పాత డోసే ఇప్పుడు ఎక్కువ కావచ్చు. రక్తం ఎంతుందో కూడా చూపించండి. షుగర్ మాత్రలు వేసుకుని సరిగా తినకపోతే తెల్లవారుజామున షుగర్ పడిపోయి చెమటలు పడతాయి, కాళ్ళు వణుకుతాయి. అది కూడా పడటానికి కారణమే.

ఇప్పుడు ఎముక సంగతి. ఇది ఎవరూ అడగరు, నాకు ఇదే బాధ. నిలబడ్డ ఎత్తునుంచి పడితేనే తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారిందన్నమాట. ఆపరేషన్ విరిగిన చోటును బాగుచేసింది, మిగతా ఎముకలను కాదు. రెండో తుంటి అట్లాగే ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు "ఎముకల బలానికి మందు మొదలుపెట్టాలా?" అని నోరు తెరిచి అడగండి. వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర ఉంది. పరగడుపున గ్లాసుడు నీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి. ఏడాదికి ఒకసారి నరానికి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. తుంటి విరిగి ఆపరేషన్ అయిన వాళ్ళకు 90 రోజుల్లోపు అది మొదలుపెట్టి చూసిన పెద్ద పరిశోధన 2007లో వచ్చింది, కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం తగ్గింది. కిడ్నీ పరీక్ష, విటమిన్ డి, కాల్షియం చూశాకే ఇస్తారు. తైదంబలి (రాగి అంబలి), గుడ్డు, పప్పు, పెరుగు పెట్టండి, మంచివే, కానీ మందుకు బదులు కావు.

కళ్ళు చూపించారా? శుక్లాలు ఉంటే చీకట్లో గడప కనబడదు. దారి పొడవునా చిన్న లైటు పెట్టండి, కరెంటు పోయినా వెలిగే ఛార్జింగ్ బల్బు ఒకటి ఉండాలి.

ఒకవేళ పడితే, చంకల్లో చేతులేసి గబుక్కున లేపకండి. అక్కడే ఉంచి నొప్పి ఎక్కడో అడగండి. కాలు పొట్టిగా కనిపించినా, పాదం బయటికి తిరిగినా, కాలు కదపలేకపోయినా, తలకు తగిలినా లేపే ప్రయత్నం మానేసి 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే తలకు చిన్న దెబ్బ తగిలినా చూపించాలి. ఏమీ కాకపోయినా, పడిన సంగతి ఆమె మీ దగ్గర దాచకుండా చూసుకోండి. కోప్పడితే దాస్తారు.

హన్మకొండ_కోడలు:

అందరికీ చేతులెత్తి దండం. వాకర్ తిప్పి చూస్తే రెండు బుష్‌లు చీలిపోయి పైపు బయటికొచ్చింది. మార్చాం. మా ఆయనే పిల్లాడు పడుకున్నాక హాల్లో వాకర్‌తో నడిచి చూపించారు, అత్తమ్మ నవ్వింది. మా బెడ్రూం ఆమెకిచ్చాం. కమోడ్ కుర్చీకి మొదట ఒద్దంటే ఒద్దంది, తలుపు వేసే గది కాబట్టి ఇప్పుడు రాత్రికి ఒప్పుకుంది. నిద్రమాత్ర మాట, డైపర్ మాట మా ఆయన మళ్ళీ ఎత్తలేదు. నిలబడ్డప్పుడు బీపీ బాగా పడుతోంది, డాక్టర్ గారు ఒక మాత్ర తగ్గించారు. ఎముకల మందు గురించి వచ్చేసారి పరీక్షలు చేయించి చెప్తామన్నారు.

ఇక బతుకమ్మ. ఊరికి తీసుకెళ్ళొచ్చా? ఊళ్ళో మరుగుదొడ్డి వాకిలి అవతల ఉంది, ఇండియన్ టైపు. ఆమె ఆశ చూస్తే కాదనబుద్ధి కావడం లేదు.

ఫిజియో_కాజీపేట:

కాదనకండి చెల్లీ. ఆమె రోజూ వ్యాయామం చేయడానికి అదే మంచి కారణం. కానీ తయారీ ముందు జరగాలి.

కమోడ్ కుర్చీ, వాకర్, బెల్, లైటు అన్నీ మీతోపాటే కారులో రావాలి. ఆ మరుగుదొడ్డికి ఆమె పోవలసిన అవసరమే రాకూడదు. కారులో ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, గట్టి దిండు వేసి, మొదట సీటు వైపు వీపు పెట్టి కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. పరకాల దాకా అయితే ఎక్కువ దూరం కాదు, మధ్యలో అవసరమైతే ఒకసారి దించి నాలుగడుగులు వేయించండి.

వాకిట్లో పాకురును మనుషులు చేరకముందే బ్లీచింగ్ పౌడర్‌తో రుద్ది కడిగించండి. పండగ పూట సాన్పి చల్లుతారు, ముగ్గులు వేస్తారు. ఆరేదాకా ఆమె గడప దిగొద్దు. మెట్లుంటే ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, పక్కన మనిషి తప్పకుండా ఉండాలి.

బతుకమ్మ పేర్చేటప్పుడు అందరూ కింద కూర్చుంటారు. ఆమెను కూర్చోనీయకండి. ఓ బల్ల మీద తాంబాలం పెట్టి, చేతులున్న కుర్చీ వేస్తే తంగేడు, గునుగు అక్కడినుంచే పేర్చుతుంది. ఆడేటప్పుడు చుట్టూ తిరగడం ఈ ఏడు వద్దు. చప్పట్లు కొడితే చేతులు వాకర్ మీద ఉండవు, వంగి తిరగాలి, సద్దుల రోజు గుంపులో పిల్లలు తగులుతారు. పక్కన కుర్చీలో కూర్చుని పాట తను అందుకోవచ్చు.

ఊరికి పోయేముందు ఆరు వారాల ఎక్స్‌రేకు వెళ్ళవలసి ఉంటుంది కదా. ప్రయాణం సంగతి ఆ రోజు సర్జన్ గారిని అడిగి, ఆయన సరే అన్నాకే కారు మాట్లాడుకోండి.